తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

బరువు ఎలా తగ్గాలో చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. యూట్యూబ్ తెరిస్తే చాలు. తగ్గాక ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. ఇవి ఇప్పటికే ఐదో, పదో, ఇరవయ్యో కిలోలు తగ్గి, "ఇక దీన్ని కాపాడుకునేదెలా" అనుకుంటున్నవాళ్లు అడిగే ప్రశ్నలు.

తగ్గేటప్పుడు ఉన్న పట్టుదల తగ్గాక ఏమైపోతుంది?

తగ్గుతున్న రోజుల్లో వారం వారం ఏదో ఒక ఆనందం ఉంటుంది. మెషిన్ మీద అంకె దిగుతుంది. పాత చుడీదార్ పడుతుంది. ఆఫీసులో ఎవరో ఒకరు "ఏం చేస్తున్నావ్, మాకూ చెప్పు" అంటారు. అనుకున్న బరువుకు చేరాక ఇవన్నీ ఆగిపోతాయి. నిన్న 68, ఇవాళ 68, వచ్చే నెలా బాగుంటే 68. మెచ్చుకునేవాళ్లకు మీరు అలవాటైపోతారు. పని మాత్రం తగ్గదు: అదే నడక, అదే కొలత, అదే "వద్దులెండి".

మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ రోత్‌మన్ 2000లో ఈ తేడానే సూత్రీకరించాడు. కొత్త అలవాటు మొదలుపెట్టించేది ముందు ముందు బాగుంటుందన్న ఆశ. దాన్ని నిలబెట్టేది ఇప్పుడు చేతికి అందిన దాని మీద తృప్తి. ఆశ పని అయిపోయాక కూడా దాన్నే పట్టుకుని లాగితే రాదు. కాబట్టి మొదట్లో ఉన్న ఊపు మళ్లీ రావాలని ఎదురుచూడకండి. ఊపు లేని రోజు కూడా పని జరిగిపోయేలా ఇంట్లో, వంటలో, దినచర్యలో ఏర్పాట్లు చేసుకోండి. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ ఏర్పాట్ల గురించే.

నాకు మనసు మీద అదుపు లేదు, అందుకే పెరుగుతున్నాను. అంతేనా?

అంతే కాదు. బరువు తగ్గిన ఒళ్లు దాన్ని కరువు కిందే లెక్కేస్తుంది. ఆస్ట్రేలియాలో 50 మందిని పది వారాలు చాలా తక్కువ క్యాలరీల ఆహారంలో ఉంచి, ఆ తర్వాత ఏడాది పాటు గమనించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. ఆకలి పెంచే హార్మోన్లు, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు ఏడాది గడిచినా పాత స్థితికి రాలేదు. వాళ్లకు ఆకలి నిజంగానే మునుపటి కన్నా ఎక్కువ వేసింది.

అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించింది. 13 మంది కొంతైనా తిరిగి పెరిగారు. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి, వాళ్ల సైజు మనిషికి ఉండాల్సిన దాని కన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. అంత విపరీతంగా తగ్గనివాళ్లకు ఈ తేడా ఇంత ఉండదు. హాల్ బృందమే వేసిన మరో లెక్క మనందరికీ పనికొస్తుంది: ఒక కిలో తగ్గితే ఒంటి ఖర్చు రోజుకు 20 నుంచి 30 క్యాలరీలు తగ్గుతుంది, ఆకలి మాత్రం సుమారు 100 క్యాలరీల మేర పెరుగుతుంది.

అంటే అసలు పోరు మెటబాలిజంతో కన్నా ఆకలితో. పది కిలోలు తగ్గిన మనిషి మునుపటిలాగే "ఆకలేసినంత తింటాను" అంటే లెక్క తప్పడం ఖాయం. ఇది తెలిస్తే రెండు మేళ్లు. మిమ్మల్ని మీరు తిట్టుకోవడం తగ్గుతుంది. "తగ్గిపోయాంగా, ఇక మామూలుగా ఉందాం" అనే మాటా నోట రాదు.

మరి నిలబెట్టుకున్నవాళ్లే లేరా?

ఉన్నారు. 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక జాబితా మొదలుపెట్టారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి తక్కువ కాకుండా నిలబెట్టుకున్నవాళ్లే అందులో చేరాలి. పదివేల మందికి పైగా చేరారు. వాళ్లు తగ్గిన పద్ధతులు రకరకాలు. నిలబెట్టుకున్న పద్ధతుల్లో మాత్రం పోలిక కనిపించింది: 78 శాతం మంది రోజూ ఉదయం టిఫిన్ మానరు, 75 శాతం మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు, 62 శాతం మంది వారంలో టీవీ ముందు గడిపేది పది గంటల లోపే, 90 శాతం మంది సగటున రోజుకు గంటసేపు ఏదో ఒక వ్యాయామం చేస్తారు, అందులోనూ ఎక్కువ నడకే.

వీళ్లంతా తమంతట తాము ముందుకొచ్చిన అమెరికన్లు, ఎక్కువగా ఆడవాళ్లు. టిఫిన్ తింటే బరువు ఆగుతుందని దీంతో రుజువైపోదు. ఇడ్లీ, పెసరట్టు మానకుండానే నిలబెట్టుకోవచ్చన్న ధైర్యం మాత్రం చాలు.

ఈ తిప్పలు ఎన్నాళ్లు? ఎప్పటికైనా తేలికవుతుందా?

పూర్తిగా వదిలేసే రోజు రాదు. తేలికయ్యే రోజు వస్తుంది. ఆ జాబితాలోనే రెండేళ్ల పైన నిలబెట్టుకున్నవాళ్లకు మళ్లీ పెరిగే ప్రమాదం బాగా తగ్గినట్టు చూశారు. మొదటి రెండేళ్లే గండం.

"21 రోజులు చేస్తే అలవాటైపోతుంది" అన్న మాట నమ్మి నిరాశపడకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక చిన్న పని ఆలోచించకుండా జరిగే స్థాయికి రావడానికి సగటు మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఇంకొందరికి 254 రోజుల అంచనా. భోజనంతో పాటు నీళ్లు తాగడం త్వరగా కుదురుకుంటుంది. పొద్దున్నే లేచి నడవడానికి ఎక్కువ కాలం కావాలి. మూడో నెలలో కూడా అలారం మోగితే ఏడుపొస్తోందంటే మీలో లోపమేమీ లేదు.

రోజూ బరువు చూసుకోవాలా? చూస్తే కంగారుగా ఉంటుంది.

నన్నడిగితే, ఒక్క అలవాటే మిగుల్చుకోమంటే దీన్నే ఉంచుకోమంటాను.

2006లో రీనా వింగ్ బృందం, అంతకు ముందు రెండేళ్లలో తమ బరువులో పదో వంతైనా తగ్గిన 314 మందితో ప్రయోగం చేసింది. ఒక గుంపుకు మూడు నెలలకోసారి సమాచార పత్రం మాత్రం పంపారు. మిగతా రెండు గుంపులకు రోజూ బరువు చూసుకోవడం, రంగుల పద్ధతి నేర్పారు. బరువు దాదాపు కదలకపోతే ఆకుపచ్చ. కిలోన్నర దగ్గర నుంచి రెండు కిలోల పైదాకా పెరిగితే పసుపు: ఏదో జారుతోంది, సరిచూసుకోవాలి. 2.3 కిలోలు, ఆ పైన పెరిగితే ఎరుపు: మళ్లీ తగ్గే పద్ధతి మొదలుపెట్టాలి. ఏడాదిన్నర తర్వాత చూస్తే, పత్రం మాత్రమే అందుకున్నవాళ్లలో 72 శాతం మంది ఎరుపులోకి పోయారు. మనుషులు ఎదురుగా కలుసుకుంటూ ఈ పద్ధతి పాటించిన గుంపులో 46 శాతమే.

ఇక కంగారు సంగతి. ఒంటి బరువు రోజురోజుకూ కిలో, రెండు కిలోలు అటూఇటూ అవుతుంది. నిన్న రాత్రి బిర్యానీ, ఆవకాయ, అప్పడాలు తిన్నారంటే ఉప్పుకు నీరు చేరుతుంది. పిండిపదార్థం ఒంట్లో నిల్వ అయ్యేటప్పుడు నీళ్లను వెంటబెట్టుకుంటుంది. ఆడవాళ్లకు నెలసరి ముందు పెరుగుతుంది. ఇదేదీ కొవ్వు కాదు. అందుకే పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినక ముందు, ఒకే మెషిన్ మీద చూసుకుని క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఒక రోజు అంకె పట్టించుకోవద్దు, వారం సగటు చూడండి.

అంకె చూస్తే రోజంతా మనసు పాడైపోయేవాళ్లు, తిన్నదాన్ని కక్కేయాలనిపించేవాళ్లు, రోజుల తరబడి పస్తులుండేవాళ్లు ఈ పద్ధతి జోలికి పోకూడదు. వాళ్లకు నడుము దగ్గర బిగుతుగా ఉండే ఒక పాత ప్యాంటు చాలు. డాక్టర్ సలహా కూడా కావాలి.

ఎరుపులోకి వచ్చాను. ఏం చేయాలి?

కొత్త డైట్ వెతక్కండి. ఇంతకు ముందు ఏం చేసి తగ్గారో అదే మళ్లీ రెండు మూడు వారాలు చేయండి. ఆ పద్ధతి తిరిగి చేయలేనంత కఠినమైనదైతే సమస్య ఎక్కడుందో తెలిసినట్టే. కొన్నేళ్ల కింద మన రెండు రాష్ట్రాల్లో కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపుల డైట్ ఊరూరా నడిచింది. ఎంతోమంది తగ్గారు కూడా. దాంట్లోంచి బయటికొచ్చి మామూలు భోజనంలోకి దిగే మెట్లు మాత్రం చాలామందికి ఎవరూ చెప్పలేదు.

అందుకే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి: బరువు ఎంతకు వస్తే మొదలుపెడతాను, ఏ మూడు పనులు చేస్తాను. రాత్రి ఎనిమిదిలోపు భోజనం, టీలో చక్కెర బంద్, స్విగ్గీ జొమాటో రెండూ ఫోన్‌లోంచి తీసేయడం లాంటివి. రెండున్నర కిలోల దగ్గర ఇది రెండు మూడు వారాల పని. ఎనిమిది కిలోల దగ్గర మళ్లీ ఏడాది పని.

అన్నం మానేస్తే తప్ప నిలవదా?

మానక్కర్లేదు. మన భోజనం తీరు వల్ల ఎంత అన్నం తింటున్నామో మనకే తెలియదు, అసలు ఇబ్బంది అది. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, చారులోకి కొంచెం, పెరుగులోకి కొంచెం. ప్రతిసారీ "కొంచెమే". నాలుగు కొంచేలు కలిస్తే మూడు కప్పులు. కప్పు అన్నం, అంటే సుమారు 150 గ్రాములు, 200 క్యాలరీలకు అటూఇటూ ఉంటుంది.

పనిచేసే చిట్కా ఒకటే: తినబోయే అన్నమంతా ఒకేసారి కంచంలో పెట్టుకుని, దాన్నే నాలుగు వాటాలు చేసుకోండి. అన్నం గిన్నె వంటగట్టు మీదే ఉండాలి, భోజనం బల్ల మీదికి రాకూడదు. కూర, పప్పు, పెరుగు గిన్నెలు బల్ల మీదే ఉండనివ్వండి. లేచి వెళ్లి వడ్డించుకోవాలంటే ఆ బద్ధకమే మీకు సాయం చేస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేలో భారతీయులకు అందే శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతానికి మించొద్దంది. ఆ తేడా పూడ్చాల్సింది పప్పు, గుడ్డు, పెరుగు, చేప, కోడి, కూరగాయలు. జొన్నరొట్టె ఆరోగ్యమని అన్నం మానేసి, నాలుగు రొట్టెలు తింటే లెక్కలో పెద్దగా మారేదేమీ లేదు.

నూనె సంగతి ఇంకా తేలిక. స్పూన్లతో కొలవక్కర్లేదు, నెలకు ఎన్ని ప్యాకెట్లు అయ్యాయో చూడండి. మనిషికి రోజుకు 25 గ్రాముల లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోలు. ఐదు ప్యాకెట్లు అవుతున్నాయంటే ఎక్కడో పోస్తున్నారు.

ఇంట్లో అందరికీ వండేది నేనే. నా ఒక్కదాని కోసం వేరే ఎలా వండుకోను?

వేరే వండుకోకండి. వేరే వంట రెండు నెలలు కూడా నిలవదు. అదే కూర, అదే పప్పు, మీ కంచంలో వాటాలు వేరు. ఆడవాళ్ల బరువు దొంగచాటుగా పెరిగేది భోజనంలో కన్నా భోజనం తర్వాత: పిల్లలు వదిలేసిన దోసె ముక్క, గిన్నె అడుగున మిగిలిన పులిహోర, "పారేస్తే పాపం" అని నోట్లో వేసుకునే రెండు ముద్దలు. మిగిలిందాన్ని వెంటనే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. అది రేపటి టిఫిన్. ఆ పని ఇంట్లో మరొకరికి అప్పగిస్తే ఇంకా మంచిది. వండినవాళ్లే సర్దాలని రాజ్యాంగంలో లేదు.

"ఏంటలా చిక్కిపోయావ్, షుగర్ వచ్చిందా?" అంటున్నారు. ఏం చెప్పాలి?

ఇది చిన్న సమస్య కాదు. తగ్గుతున్నప్పుడు ఆఫీసులో మెచ్చుకోలు దొరికితే, ఊరికి వెళ్లినప్పుడు "మొహం పీక్కుపోయింది", "కళ లేదు", "కోడలు తిండి పెట్టట్లేదా" అన్న మాటలు దొరుకుతాయి. మన దగ్గర ఒళ్లు చేయడం బాగుండటానికి గుర్తు, చిక్కడం జబ్బుకు గుర్తు. పెద్దవాళ్లు కడుపు మాడ్చుకున్న రోజులు చూసినవాళ్లు, ఆ మాట వెనక ఉన్నది ప్రేమే. వాళ్లతో క్యాలరీల గురించి వాదిస్తే నెగ్గలేరు.

రిపోర్టు చూపించండి. "షుగర్ రాకుండా ఉండటానికే తగ్గాను అమ్మమ్మా, డాక్టర్ గారే తగ్గమన్నారు" అంటే తొంభై శాతం చర్చ అక్కడితో ఆగుతుంది. డాక్టర్ పేరు చెబితే ఆగినంతగా డైట్ పేరు చెబితే ఆగరు. వడ్డించేటప్పుడు "వద్దు" అనేలోపే వేసేస్తారు కాబట్టి ముందుగానే అడిగి వేయించుకోండి: "అత్తయ్యా, ఆ వంకాయ కూర ఇంకొంచెం వెయ్యండి." అడిగి తిన్నవాళ్లను ఎవరూ అంతగా బలవంతం చేయరు.

పండగలు, పెళ్లిళ్లు వస్తే అంతా పోతోంది.

ఒక్క పూట పెళ్లిభోజనంతో ఏమీ పోదు. పండగ ముగిశాక కూడా వారాల పాటు డబ్బాలో ఉండే అరిసెలు, సకినాలు, జంతికలతో పోతుంది. అమెరికాలో 2000లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం అక్కడి శీతాకాలపు పండగల్లో సగటున పెరిగేది 0.37 కిలోలే. ఆ తర్వాత ఏడాదంతా గడిచినా అది తగ్గలేదు, వచ్చిన చిక్కల్లా అదే. మనకు వినాయకచవితి నుంచి సంక్రాంతి దాకా ఇదే వరస, మధ్యలో కార్తీక వనభోజనాలు. ఉపవాసాలూ ఉన్నాయి గానీ, పొద్దంతా ఏమీ తినక రాత్రి దీపాలు పెట్టాక తినే తిండితో ఆ లెక్క సరిపోతుంది.

పండగ రోజు పండగలాగే తినండి. బొబ్బట్టు మీద నెయ్యి వేసుకోండి. కనుమ మర్నాటికి డబ్బాలు పంచిపెట్టేయండి. ఆ మర్నాడు పొద్దున మెషిన్ ఎక్కండి, పండగల తర్వాత ఎక్కడానికి భయపడి వాయిదా వేసుకునే నెల రోజుల్లోనే అసలు నష్టం.

ఎంత నడవాలి?

ఆరోగ్యానికి చెప్పే వారానికి 150 నిమిషాలు తగ్గిన బరువును ఆపడానికి సరిపోవు. 200 నుంచి 300 నిమిషాలు పెట్టుకోండి, రోజుకు అరగంట నుంచి ముప్పావుగంట దాకా. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 క్యాలరీలు, అంటే వాకింగ్ అయ్యాక పార్కు గేటు దగ్గర రెండు వడలు, ఒక టీ తాగితే చెల్లు. ఎక్కువ తినడానికి నడక పరిహారం కాదు. తగ్గిన ఒంటి ఖర్చును కొంత పైకి లాగడానికే అది. వారానికి రెండుసార్లు కండరాలకు పని చెప్పే వ్యాయామం కూడా చేయండి, జిమ్ లేకపోతే గుంజీలు, గోడకు దండీలు.

ఏప్రిల్, మేల్లో రెంటచింతల, రామగుండం ఎండల్లో నడక ఎలాగూ ఆగిపోతుంది, జూలైలో వానలకు ఆగుతుంది. ఆగినప్పుడు ఇంట్లో ఏం చేస్తారో ఇప్పుడే అనుకుని ఉంచండి. మెట్లు, మేడ మీద నడక, ఏదైనా.

వాట్సాప్ గ్రూపులు, ఆఫీసు ఛాలెంజ్‌లు పనికొస్తాయా?

తగ్గడానికి పనికొస్తాయి. ఛాలెంజ్‌కి ఆఖరి తేదీ ఉంటుంది, మీ పనికి ఉండదు. పొద్దున ఆరింటికి గేటు దగ్గర మీ కోసం నిలబడే ఒక్క వాకింగ్ స్నేహితుడు వంద మంది గ్రూపుతో సమానం.

రాత్రి డ్యూటీ. నిద్ర సరిగా ఉండదు. దానికీ బరువుకీ సంబంధం ఉందా?

ఉంది. ఆరున్నర గంటల కన్నా తక్కువ నిద్రపోయే 80 మంది మీద జరిగిన అధ్యయనం 2022లో వచ్చింది. రోజుకు గంటకు పైగా నిద్ర పెంచుకున్నవాళ్లు, తిండి గురించి ఎవరూ ఏమీ చెప్పకపోయినా, దాదాపు 270 క్యాలరీలు తక్కువ తిన్నారు. షిఫ్టు మార్చుకోవడం మీ చేతిలో లేకపోవచ్చు. పగలు పడుకునే గదికి దట్టమైన కర్టెన్లు, తెల్లవారుజామున మూడింటికి తినడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా మాత్రం ఉంటాయి కదా.

నాలుగు కిలోలు మళ్లీ పెరిగాను. చేసిందంతా వృథానా?

కాదు, దీనికి గట్టి ఆధారం ఉంది. అమెరికాలో షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్ల మీద జరిగిన పెద్ద ప్రయోగంలో ఆహారం, వ్యాయామం మార్చుకుని 7 శాతం బరువు తగ్గాలని లక్ష్యం పెట్టారు. 2002 నాటి ఫలితాల్లో వాళ్లకు షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. తర్వాతి ఏళ్లలో తగ్గిన బరువులో చాలా భాగం తిరిగొచ్చింది. అయినా పదేళ్ల తర్వాత లెక్కేస్తే షుగర్ వచ్చినవాళ్లు ఇంకా 34 శాతం తక్కువే. చెన్నైలో రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగం ఇంకా చిత్రం: బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే, తిండి, నడక మార్చుకున్నవాళ్లకు షుగర్ ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది.

పది తగ్గి నాలుగు పెరిగిన మనిషి ఆరు తగ్గిన మనిషే. మోకాళ్లు, బీపీ ఆ ఆరు కిలోలను గుర్తిస్తాయి.

ఎంత బరువు దగ్గర ఆగాలి?

భారతీయులకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. పుస్తకంలో రాసిన అంకె కోసం రోజూ పస్తులుండాల్సి వస్తుంటే, దాని కన్నా మూడు కిలోల పైన హాయిగా నిలబడగలిగే బరువే మీ బరువు.

ఇంజెక్షన్లు వాడితే ఈ గొడవే ఉండదంటున్నారు.

మౌంజారో, వెగోవీ 2025లో మన దేశానికి వచ్చాయి. ఆకలిని నిజంగానే తగ్గిస్తాయి. పైన చెప్పిన ఆకలి పోరులో ఇది పెద్ద సాయం, వాడేవాళ్లను సోమరులనడం తప్పు. వాడుతున్నంత కాలమే ఆ సాయం. వెగోవీలోని సెమాగ్లూటైడ్‌తో బరువు తగ్గినవాళ్లు దాన్ని ఆపాక ఏడాదిలో, తగ్గిన దాంట్లో మూడింట రెండొంతులు తిరిగి పెరిగారు. మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో ఎన్నాళ్లు వాడాలి, నెలకు ఎంతవుతుంది, ఎలా ఆపాలి అని అడగండి. మందు పనిచేస్తున్న నెలల్లోనే నడక, పప్పూ గుడ్డూ, తూకం అలవాటు చేసుకోండి. ఆకలి తక్కువగా ఉన్నప్పుడే అవి సులభంగా అబ్బుతాయి.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

తిండిలో ఏ మార్పూ లేకుండా నెలలో మూడు నాలుగు కిలోలు పెరిగినా, తగ్గినా. విపరీతమైన నీరసం, జుట్టు రాలడం, నెలసరి ఆగడం ఉన్నా. థైరాయిడ్ సంగతి పరీక్షతోనే తేల్చుకోండి, అనుమానంతో కాదు. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక ఆరోగ్య మందులు, ఇన్సులిన్ కూడా బరువు పెంచుతాయి, వాటిని సొంతంగా ఆపకండి. బరువు తగ్గాక షుగర్, బీపీ మాత్రలు తగ్గించినవాళ్లు, లేదా పూర్తిగా మానినవాళ్లు, మూడు కిలోలు పెరిగారంటే తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగకుండా ముందే వెళ్లి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష), బీపీ చూపించుకోవాలి.